ముసురులో పందివేట: ప్రభుత్వ అడవుల్లో తెగని తగవు

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో జనవరి దాటేసరికి వేటగాళ్లకు పని తగ్గిపోతుంది. జింకల సీజన్ చాలాచోట్ల ముగిసిపోయి ఉంటుంది. టర్కీ కోళ్ల సీజన్‌కు వసంతం రావాలి. ఆకాశం నిండా మబ్బు, ఉత్తరం నుంచి కోసేసే చలిగాలి, రోజుల తరబడి వదలని ముసురు. సరిగ్గా అప్పుడే కొందరు రైఫిల్ భుజాన వేసుకుని ప్రభుత్వ అడవుల్లోకి అడవిపందుల కోసం బయల్దేరతారు. వానలో పంది కదులుతుందా, కదలదా అన్నది వాళ్ల మధ్య ఎన్నేళ్లయినా తెగని వాదన. వన్యప్రాణి శాఖల వాళ్లది ఇంకో వాదన: అసలు ఈ వేట వల్ల పందులు తగ్గుతున్నాయా, పెరుగుతున్నాయా? మొదటిదాన్ని వేటగాళ్లకూ రెండోదాన్ని అధికారులకూ వదిలేయడం మామూలు. నేను ఈ రెండింటినీ కలిపే చూడాలంటాను. ఎందుకో చెప్పాలంటే ముందు పంది దగ్గర మొదలుపెట్టాలి.

ఈ పందులు ఆ నేలవి కావు. 1539లో స్పెయిన్ సేనాని హెర్నాండో డి సోటో ఫ్లోరిడా తీరంలో దిగినప్పుడు దారిలో తిండికని పందుల మందను వెంట తోలుకొచ్చాడు. తర్వాత వచ్చిన వలస రైతులు తమ పందులను కంచె లేకుండా అడవిలోకి వదిలి, ఓక్ కాయలు మేసి బలిశాక పట్టుకునేవారు. దొరకనివి అడవి పాలయ్యాయి. 1912లో నార్త్ కరొలైనాలోని హూపర్ బాల్డ్ కొండ మీద ఒక సంపన్నుడి వేట తోటకు యూరప్ అడవిపందులను తెప్పించారు. కంచె నిలవలేదు. తప్పించుకున్నవి ఊరపందుల సంతతితో కలిశాయి. ఇప్పుడు కనీసం 35 రాష్ట్రాల్లో, 60 లక్షలకు పైగా ఉన్నాయని వ్యవసాయ శాఖ అంచనా. ఒక్క టెక్సస్‌లోనే 26 లక్షల దాకా ఉంటాయంటారు. ఆడపంది ఏడెనిమిది నెలలకే ఎదకు వస్తుంది, దాదాపు 115 రోజులు మోస్తుంది, ఈతకు అయిదారు పిల్లలను పెడుతుంది. తిండి బాగా దొరికిన ఏడాది రెండో ఈత కూడా ఈనుతుంది. మొక్కజొన్న విత్తిన రాత్రే సాలు వెంట నడుస్తూ గింజ గింజా ఏరుకు తినే జంతువు ఇది. నేల మీద గూడు పెట్టే పక్షుల గుడ్లు, తాబేలు గుడ్లు, అప్పుడే పుట్టిన జింకపిల్ల, ఏదీ వదలదు.

టెక్సస్ నేలలో నూటికి 95 వంతులు ప్రైవేటు ఆస్తి. భూమి ఉన్నవాడూ, భూమి ఉన్నవాడికి డబ్బు కట్టగలిగినవాడూ అక్కడ పందిని తమ ఇష్టం వచ్చినట్టు కొట్టవచ్చు. 2019 సెప్టెంబరు నుంచి ప్రైవేటు భూమిలో దానికి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. రాత్రిపూట థర్మల్ స్కోపులు, మొక్కజొన్న ఎర, 2011 చట్టం వచ్చాక డబ్బు చెల్లించి హెలికాప్టర్ ఎక్కి కాల్చడం, అన్నీ చెల్లుతాయి. ప్రభుత్వ భూమిలో ఇవేవీ కుదరవు. సామ్ హ్యూస్టన్, డేవీ క్రాకెట్, యాంజెలీనా, సబైన్ జాతీయ అడవులు, బిగ్ థికెట్ ప్రిజర్వ్, రాష్ట్ర వన్యప్రాణి శాఖ నడిపే వేట క్షేత్రాలు. వేటికి పోయినా లైసెన్సు తప్పదు. రాష్ట్ర శాఖ క్షేత్రాలకైతే దాని మీద ఏడాదికి 48 డాలర్ల పర్మిట్. ఎర వేయడం, చీకటిపడ్డాక వేటాడటం దాదాపు అన్నిచోట్లా నిషేధం. జార్జియా వంటి రాష్ట్రాల్లో ఏ సీజన్ నడుస్తుంటే ఆ సీజన్‌కు చెల్లే ఆయుధంతోనే పందినీ కొట్టాలి. ఉడుతల సీజన్‌లో పంది ఎదురుపడితే చేతిలో చిన్న తుపాకీయే ఉంటుంది. ఇలా అన్ని దారులూ మూసుకుపోయాక ప్రభుత్వ అడవిలో వేటగాడికి మిగిలేవి కాళ్లు, కళ్లు, గాలి మీద ధ్యాస. భూమి లేనివాడి వేట ఇది. ఆ కారణంగానే నాకు దీని మీద గౌరవం.

ఇక వాతావరణం. పందికి చెమట గ్రంథులు పనికొచ్చేంతగా లేవు. ఎండలో ఒంటి వేడిని బురదలో పొర్లి దించుకోవాల్సిందే. అందుకే వేసవిలో పగలంతా నీడలో, బురదగుంటల్లో పడుకుని, రాత్రి మేతకు దిగుతుంది. మెడకు జీపీఎస్ పట్టీలు కట్టి చేసిన అధ్యయనాల్లోనూ తేలింది ఇదే: వేడి పెరిగేకొద్దీ వాటి నడక చీకటి వేళకు జరుగుతుంది. రాత్రి వేట చెల్లని ప్రభుత్వ అడవిలో దీని అర్థం సూటిగానే ఉంది. జూలైలో పగటిపూట పందిని వెతకడం చాలావరకు వృథా. చలిగాలి దిగి మబ్బు పట్టిన రోజున అదే పంది మధ్యాహ్నం పన్నెండు గంటలకు కూడా మేస్తూ కనిపిస్తుంది. చలి దాన్ని పగటిలోకి లాగుతుంది. చెడ్డ వాతావరణం గురించి చెప్పే మాటల్లో ఇంతకన్నా గట్టిది నాకు కనబడలేదు.

వాన గురించి చెప్పేవాటిలో సగం నిజం, సగం మొక్కుబడి. సన్నటి ముసురుకు పంది మేత మానదు. నేల నానితే వానపాములూ దుంపలూ వేర్లూ ముట్టెకు సులువుగా అందుతాయి కనుక ఇంకా ఉత్సాహంగా తవ్వుతుంది. కుండపోత మొదలైతే మాత్రం దట్టమైన పొదల్లోకి దూరి పడుకుంటుంది. అలాంటప్పుడు వాన వెలిసిన మొదటి గంట కోసం కాచుకోవడమే పని. వాన వేటగాడికి చేసే అసలు మేలు పందికి సంబంధించినది కాదు, నేలకు సంబంధించినది. తూర్పు టెక్సస్‌లో నెచెస్ నది పక్క లోతట్టు అడవిలో ఒక ముసురు పగలు నేను అది కళ్లారా చూశాను. రాత్రంతా కురిసిన వాన పాత జాడలన్నిటినీ చెరిపేసింది. వాగు గట్టున బంకమట్టిలో ఉన్నవి కొత్త గుర్తులే. జింక గిట్ట ముందుకు మొనదేలి ఉంటుంది, పంది గిట్ట మొండిగా, గుండ్రంగా, రెండు చీలికలూ ఎడంగా ఉంటుంది. ఆ గుర్తుల అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి, లోపల నీళ్లు నిలవలేదు. పైనుంచి వాన పడుతూనే ఉంది కాబట్టి అవి పడి ఎంతోసేపు అయి ఉండదు. పది అడుగుల అవతల పైన్ చెట్టు మొదట్లో తడి బురద పూసి ఉంది. పొర్లిన పంది ఒళ్లు రుద్దుకున్న చోటు అది. బురద ఎంత ఎత్తున అంటితే పంది అంత ఎత్తున్నట్టు లెక్క. ఇది నా మోకాలి పైకి ఉంది. నానిన ఆకుల మీద నా అడుగు చప్పుడు నాకే వినబడలేదు. ముందు వాసన తగిలింది. తర్వాత గురగురలు. ఆ తర్వాత యోపాన్ పొదల కింద నల్లటి వీపులు, వాటి చుట్టూ చారల పిల్లలు. తల్లి ముట్టె మట్టిలోకి కళ్ల దాకా దిగి ఉంది. అంతలో గాలి మళ్లింది. తల్లి తల పైకెత్తి ఒక్కసారి బుస్సుమంది, అంతే, గుంపు గుంపంతా పొదల్ని చీల్చుకుంటూ పోయింది.

అందుకే ఈ వేట బాగా తెలిసినవాళ్లు వాన కన్నా గాలినే ఎక్కువ లెక్కలోకి తీసుకుంటారు. పంది చూపు అంతంతమాత్రం, వినికిడి మంచిది, ముక్కు మాత్రం అసాధారణం. ఒకే దిక్కు నుంచి నిలకడగా వీచే గాలి ఎంత బలమైనదైనా వేటగాడికి అనుకూలమే. దాన్ని ముఖాన పెట్టుకుని నడిస్తే కొమ్మల చప్పుడులో మన చప్పుడు కలిసిపోతుంది. తుపాను ముందు ఒక్కో నిమిషం ఒక్కో దిక్కుకు తిరిగే సుడిగాలిలో ఎంత నేర్పరి అయినా చేసేదేమీ లేదు, ఇంటికి పోవడమే మేలు. వాతావరణ సూచనలో వాన శాతం చూసి బయల్దేరేవాళ్లు గాలి దిక్కు చూసి బయల్దేరితే సగం నిరాశ తప్పుతుంది.

ఇక వరదలు. పంది బాగా ఈదుతుంది. నది పొంగితే గుంపులు గట్ల మీదికీ, మిట్టల మీదికీ చేరి ఒకే చోట ఇరుక్కుంటాయి. జింకల విషయంలో చాలాచోట్ల నది మట్టం ఒక హద్దు దాటగానే వేట మూసేస్తారు, చిక్కుబడ్డ జంతువును కాల్చడం వేట కాదన్న ఉద్దేశంతో. పందుల విషయంలో ఆ మొహమాటం చాలామందికి లేదు. నిర్మూలన పని మీద ఉన్న సిబ్బంది ఆ అవకాశాన్ని వాడుకోవడం నాకు సబబుగానే తోస్తుంది. సరదాకు వచ్చినవాడు పడవ ఎక్కి అదే పని చేస్తే మనసు ఒప్పదు. జంతువు ఒకటే, చేసేవాడి ఉద్దేశం వేరు. ఉద్దేశంతో పాటు బాధ్యత కూడా వేరు.

ప్రమాదాల గురించి వేట పత్రికలు రాయాల్సినంత రాయవు. తడిసిన నూలు బట్టలతో పది డిగ్రుల చలిలో రెండు గంటలు నిలబడితే చేతులు మొద్దుబారతాయి. మొద్దుబారిన వేలు ట్రిగ్గర్ మీద ఉండటం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. ఉరుము వినబడిందంటే పిడుగు పడగల దూరంలో మీరు ఉన్నట్టే. చెట్టుకు బిగించిన ఇనుప నిచ్చెన మంచె మీద ఆ సమయంలో కూర్చోవడం ప్రాణంతో ఆడుకోవడమే. తడిసిన మెట్ల మీంచి జారిపడటం వేరే. టెక్సస్ ప్రభుత్వ వేట భూముల్లో తుపాకీ వేట నడిచేటప్పుడు టోపీతో పాటు ఒంటి మీద 400 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు ఉండాలన్న నిబంధన పొగమంచు రోజున ఎంత విలువైనదో తెలుస్తుంది. మసక వెలుతురులో కదిలే నల్లటి ఆకారం ఎలుగు కావచ్చు, ఎవరి కుక్కో కావచ్చు, వంగి నడిచే మనిషీ కావచ్చు. ఇంకొకటి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది: పెద్ద మగపంది భుజాల మీద దళసరి కవచం లాంటి చర్మం, దాని కింద కొవ్వు ఉంటాయి. గాయం త్వరగా మూసుకుపోయి నెత్తురు బయటికి కొద్దిగానే వస్తుంది. ఆ కొద్దిపాటి జాడనూ వాన కడిగేస్తుంది. జింకకు గురిపెట్టే చోట పందికి గురిపెడితే కడుపులో తగులుతుంది. పంది గుండె ఇంకా ముందుకు, ఇంకా కిందికి ఉంటుంది. అందుచేత వానలో దూరపు గుండు వేయకూడదు. గాయపడ్డ జంతువును పొదల్లో చావుకు వదిలేసి రావడాన్ని ఏ పేరుతోనూ సమర్థించలేం, అది ఎంత హానికరమైన జంతువైనా సరే.

వేట ముగిశాక కష్టం మొదలవుతుంది. వానకాలంలో అడవి శాఖ మట్టిరోడ్లు పాడవకుండా గేట్లు మూసేస్తుంది. ఎనభై కిలోల పందిని కిలోమీటర్ల దూరం బురదలో ఈడ్చుకు రావాలి, లేదా నియమం ఒప్పుకుంటే అక్కడే కోసి వీపున మోయాలి. చేతికి రబ్బరు తొడుగులు లేకుండా కోయకూడదు. బ్రుసెల్లోసిస్ అనే రోగం నెత్తురు ద్వారా, చేతి మీద గీరుకున్న చోట్ల నుంచి మనిషికి అంటుతుంది. మాంసం లోపలి వేడి 71 డిగ్రుల సెల్సియస్ దాటేదాకా ఉడకాలి. ఇన్ని బాధలున్నా చలికాలపు మాంసం మంచిది, త్వరగా చెడదు. ఓక్ కాయలు మేసిన ఆడపంది మాంసాన్ని దుకాణపు పంది మాంసంతో ఎవరూ మార్చుకోరు.

ఇప్పుడు పెద్ద తగవు. టెక్సస్ ఎ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయ వ్యవసాయ విస్తరణ నిపుణులు ఎన్నాళ్లుగానో చెబుతున్న లెక్క ఒకటుంది. రాష్ట్రంలో పందుల సంఖ్య పెరగకుండా ఉండాలంటే ఏటా మూడింట రెండు వంతులను తీసేయాలి. వేట, బోనులు, హెలికాప్టర్లు అన్నీ కలిసి తీసేస్తున్నది 29 శాతం దగ్గర. ఒక్కో పందిని కాల్చుకుంటూ ఆ తేడా పూడ్చడం కుదిరే పని కాదు. అంతకన్నా చెడ్డ సంగతి, కాల్పులు మిగిలిన గుంపుకు పాఠం చెబుతాయి. ఒకటో రెండో పడగానే తక్కినవి చెల్లాచెదరై పక్క భూముల్లోకి పోతాయి, పూర్తిగా రాత్రి సంచారానికి మారతాయి, మనిషి వాసన తగిలిన ఎరను ముట్టవు. పందులను నిజంగా తగ్గించే పద్ధతి వేరే ఉంది. పెద్ద కంచె బోను కట్టి, రోజుల తరబడి గింజలు పోసి, గుంపులో ఆఖరి పిల్ల కూడా లోపలికి అలవాటుపడేదాకా ఓపికపట్టి, సెల్‌ఫోన్‌కు అనుసంధానించిన కెమెరాలో చూసి ఒకేసారి తలుపు దించాలి. తల్లులను వదిలేసి పిల్లల్ని పట్టుకుంటే లాభం లేదు. 2014లో మొదలైన కేంద్ర వ్యవసాయ శాఖ కార్యక్రమం, 2018 వ్యవసాయ చట్టం కేటాయించిన 7.5 కోట్ల డాలర్లు ఎక్కువగా ఈ దారిలోనే నడిచాయి.

టెన్నెసీ అనుభవం ఈ తగవులో అందరూ చదవాల్సిన అధ్యాయం. 1999లో ఆ రాష్ట్రం పందుల మీద హద్దుల్లేని వేట సీజన్ తెరిచింది, ఎక్కువమంది వేటాడితే తగ్గుతాయన్న ఆశతో. దశాబ్దం తిరిగేసరికి కొన్ని కౌంటీలకు పరిమితమైన పందులు 95 కౌంటీల్లో దాదాపు 80 చోట్ల కనిపించాయి. వాటిని అక్కడికి నడిపించింది కాళ్లు కాదు, లారీలు. తమ ఊరి దగ్గరే వేట కావాలనుకున్న మనుషులు దొంగతనంగా తెచ్చి వదిలారు. 2011లో ఆ రాష్ట్రం సీజన్ రద్దు చేసింది. అంతకుముందే, 2006లో, కాన్సాస్ సరదా వేటను నిషేధించింది. మిస్సోరీ 2016లో తన సంరక్షణ భూముల్లో పందివేటను మూసేసింది. తర్వాత మార్క్ ట్వేన్ జాతీయ అడవిలోనూ అదే దారి పట్టారు, జింకల, టర్కీల సీజన్లలో ఎదురుపడితే కాల్చవచ్చన్న చిన్న మినహాయింపుతో.

మిస్సోరీలోని ఓజార్క్ కొండల వేటగాళ్లకు దీని మీద కోపం వచ్చింది. ఆ కోపాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కుక్కలతో పందిని తరిమే వేట వాళ్ల తాతల నుంచి వచ్చింది. ప్రభుత్వ భూమి తమదని నమ్మే పేదవాళ్లు వాళ్లు. హెలికాప్టర్‌కు డబ్బు ఉన్న భూస్వామికి అడ్డులేదు, కాలినడకన పోయేవాడికే గేటు మూశారన్న బాధలో న్యాయముంది. అయినా మిస్సోరీ చేసింది సరైన పనే అంటాను. పందులు ఇంకా కొన్ని లోయల్లోనే ఉన్న చోట ఆఖరి గుంపు దాకా తీసేసే అవకాశం నిజంగా ఉంది. తూర్పు టెక్సస్‌లోనో ఫ్లోరిడాలోనో ఆ అవకాశం ఎప్పుడో దాటిపోయింది. పంది అంతటా నిండిపోయిన అడవిలో చలిరోజున ఒక మనిషి ఒక పందిని ఇంటికి తెచ్చుకుంటే లెక్క మారదు, ఒక కుటుంబానికి మాంసం దొరుకుతుంది. రెండు రకాల నేలలకు ఒకే నియమం పెట్టాలనుకోవడమే ఈ వాదనలో పదే పదే జరిగే పొరపాటు.

వాతావరణం మళ్లీ ఇక్కడే అడ్డొస్తుంది. బోను బాగా పనిచేసేది ఎప్పుడు? ఓక్ కాయలు అయిపోయి, కొత్త చిగురు ఇంకా రాక, అడవిలో తిండి కరువైన జనవరి చివర, ఫిబ్రవరి. ఆకలి మీదున్న పంది గింజల దగ్గరికి వస్తుంది. చలికి పంది పగటిపూట తిరిగేదీ, వేటగాడికి చేతికందేదీ ఆ వారాల్లోనే. ఒకే అడవిలో ఒకడు నెల రోజులుగా గుంపును మచ్చిక చేస్తుంటాడు, ఇంకొకడు ముసురులో నడుచుకుంటూ వచ్చి ఒక గుండుతో ఆ పనంతా చెదరగొడతాడు. ఇద్దరూ తమకున్న హక్కుతోనే చేస్తారు. వాన వేటగాణ్ణి చప్పుడు లేకుండా దగ్గరికి చేరుస్తుంది కనుక నష్టం ఇంకా ఎక్కువ.

మన తెలుగు నేల మీద ఇదే జంతువు కథ వేరు. నల్లమల, కవ్వాల్, అమ్రాబాద్ అడవుల్లో అడవిపంది స్థానికం, పులికీ చిరుతకీ ఆహారం. దాన్ని నిర్మూలించాలని ఎవరూ అనకూడదు. కానీ వానకాలం రాత్రి మంచె మీద డప్పు కొడుతూ మొక్కజొన్న, వేరుశనగ కాపలా కాసే రైతుకు ఆ తేడా ఏం ఓదార్పునిస్తుంది? 1972 వన్యప్రాణి చట్టం కింద మొదట మూడో షెడ్యూలులో ఉన్న అడవిపంది 2022 సవరణతో రెండో షెడ్యూలుకు చేరింది. పంటకు హాని చేసినప్పుడు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతితో కాల్చవచ్చు, చంపిన జంతువు ప్రభుత్వ ఆస్తి. కేరళ 2022లో ఆ అనుమతి అధికారాన్ని స్థానిక సంస్థల దాకా దించింది. అనుమతి వచ్చేలోగా పంట పోతుందన్న భయంతో కొందరు పొలం చుట్టూ దొంగ కరెంటు తీగలు లాగుతున్నారు. తడిసిన నేల మీద ఆ తీగలకు పందులతో పాటు చిరుతలూ, తెల్లవారుజామున పొలానికి పోయే మనుషులూ బలవుతున్నారు. అమెరికా నుంచి మనం తెచ్చుకోవాల్సింది దాని తుపాకీ కాదు, గుంపును మొత్తంగా పట్టే ఆ బోను ఓపిక. అదీ అటవీ శాఖ చేతుల మీదుగా, పంటల అంచున మాత్రమే.

మళ్లీ అమెరికాకు వస్తే, తూర్పు టెక్సస్ అడవులకు నేను కోరేది చిన్న మార్పు. బోనులు నడిచే జనవరి, ఫిబ్రవరి నెలల్లో బోనులున్న కొన్ని చదరపు కిలోమీటర్లను పర్మిట్‌తో పాటు ఇచ్చే పటం మీద గుర్తించి మూసేయాలి, తక్కిన అడవంతా తెరిచి ఉంచాలి. మూసిన హద్దు పక్కన నడిచే వేటగాడు పిల్లలతో ఉన్న గుంపును చూస్తే కాల్చకుండా ఆ చోటు శాఖకు ఫోన్ చేసి చెప్పే ఏర్పాటు ఉండాలి. బోనులో పడి, పరీక్షలో రోగం లేదని తేలిన పందుల మాంసంలో, అలా చెప్పినవాడికి ఒక వాటా ఇవ్వాలి. ముసురు పగలు అడవిలో తిరిగే అతని కళ్లంత దగ్గరగా ఆ గుంపులను చూడగలిగే కెమెరా ఏ శాఖ దగ్గరా లేదు.